ఇరవై ఆరడుగుల చెక్క పడవకు ఇన్‌బోర్డు ఇంజను: ఎంత శక్తి, ఏ రకం?

ప్రశ్న: లంక కొబ్బరి రైతు, సఖినేటిపల్లి ప్రాంతం

అందరికీ నమస్కారం. వశిష్ఠ గోదావరి లంకలో మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది. దింపు అయిన ప్రతిసారీ కాయను ఇవతలి రేవుకు చేర్చడానికి, మా నాన్నగారు చాలా ఏళ్ల క్రితం తాళ్ళరేవు వైపు కట్టించి తెచ్చిన చెక్క పడవనే ఇప్పటికీ వాడుతున్నాము. ఇన్నాళ్లూ అది గెడతోనూ, గాలి కలిసివస్తే తెరచాపతోనూ నడిచింది. నాన్నగారు కాలం చేశాక గెడ వేయగల మనుషులు కరవయ్యారు. మిగిలిన ఒక్క పెద్దాయన కూడా ఎదురు పోటు తగిలితే పడవను గట్టుకు కట్టి రెండు మూడు గంటలు కూర్చోవలసి వస్తోంది. అందువల్ల పడవ లోపలే స్థిరంగా బిగించే ఇంజను ఒకటి పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

పడవ మొత్తం పొడవు 26 అడుగులు, నీటి గీత వద్ద 23 అడుగులు, వెడల్పు ఆరున్నర అడుగులు. ఖాళీ పడవ బరువు టన్నుంబావు దాకా ఉంటుందని మేస్త్రి అంచనా వేశారు. ఒక తడవకు పీచుతో ఉన్న కాయలు వెయ్యి వరకు, ముగ్గురు మనుషులు ఎక్కుతారు. ఖాళీగా ఉన్నప్పుడు అడుగు లోతు, నిండుగా ఉన్నప్పుడు దాదాపు అడుగు ముప్పావు లోతు మునుగుతుంది. లంక నుంచి రేవుకు నాలుగు కిలోమీటర్లు.

ఇంతవరకు నాకు మూడు సలహాలు వచ్చాయి. పాత కారు డీజిల్ ఇంజను చవకగా దొరుకుతుంది, అదే పెట్టించమన్నారు ఒకరు. పొలంలో నీళ్లు తోడటానికి వాడిన 5 అశ్వశక్తుల ఆయిల్ ఇంజను మా పాకలోనే ఉంది కాబట్టి దానినే నేరుగా షాఫ్టుకు, అంటే ప్రొపెల్లరును తిప్పే కడ్డీకి, కలపమన్నారు ఇంకొకరు. శక్తి ఎక్కువైతే నష్టం లేదు, 24 అశ్వశక్తుల కొత్త ఇంజను తీసుకోమన్నారు మరొకరు. నాకు వేగం మీద మోజు లేదు. పడవ నిండుగా ఉన్నప్పుడు ఎదురు నీటిలోనూ ఆగకుండా సాగాలి, చెడిపోతే ఈ చుట్టుపక్కలే బాగుచేయించుకోగలగాలి, అన్నింటికంటే ముఖ్యంగా నాన్నగారి పడవ పాడవకూడదు. ఈ విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత డీజిల్ ఇంజనీరు, కాకినాడ

రైతు గారికి నమస్కారం. కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి ఊహతో కాకుండా లెక్కతోనే మాట్లాడుకోవచ్చు. ఇంజను ఎంపికను అశ్వశక్తి నుంచి మొదలుపెట్టకండి. పడవ బరువు నుంచీ, దాని కింద ప్రొపెల్లర్ తిరగడానికి ఉన్న చోటు నుంచీ మొదలుపెట్టండి. ఆ రెండూ తేలితే ఇంజను ఏదో దానంతట అదే తేలుతుంది.

మీది తన బరువంత నీటిని పక్కకు తోసుకుంటూ సాగే పడవ. స్పీడుబోటులాగా నీటి మీదికి లేచి జారేది కాదు. ఇటువంటి పడవ వేగానికి దాని పొడవే హద్దు. నీటి గీత వద్ద పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని నాలుగున్నరతో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లకు మించి పరుగెత్తదో వస్తుంది. మీ 23 అడుగులంటే 7 మీటర్లు; లెక్క 12 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. పడవ, కాయలు, మనుషులు, ఇంజను, డీజిల్ అన్నీ కలిపి మూడు టన్నులనుకుంటే, గంటకు 9 కిలోమీటర్ల వేగానికి షాఫ్టు దగ్గర సుమారు 6 అశ్వశక్తులు చాలు. 11 కిలోమీటర్లకు 10 కావాలి. ఆ తరువాత మీరు 24 పెట్టినా పడవ 12, 13 దాటడం కష్టం. అదనంగా పోసిన డీజిలంతా వెనుక పెద్ద అలగా లేచి, మీ లంక గట్టునే కోస్తుంది. డీజిల్ లెక్క కూడా చూడండి. చిన్న డీజిల్ ఇంజను అశ్వశక్తికి గంటకు దాదాపు ఐదో వంతు లీటరు తాగుతుంది. 9 కిలోమీటర్ల వేగంలో గంటకు లీటరుంబావు అయ్యేది, 11 దగ్గర రెండు లీటర్లు దాటుతుంది. గంటకు రెండు కిలోమీటర్ల లాభం కోసం డీజిల్ ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతోందన్న మాట.

వరదలో ఎలా అని మీరు అడగవచ్చు. వరదను దృష్టిలో పెట్టుకుని ఇంజను కొనకండి. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు నీరు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నదిలోకి పది లక్షల క్యూసెక్కులు వదులుతున్నట్టు. ఆ నీటిలో ఏ ఇంజనుతోనైనా సరే, కాయలు వేసుకుని చెక్క పడవ దిగకూడదు. మీకు కావలసింది ఆటుపోట్లకు, మామూలు ప్రవాహానికి ఎదురు నిలిచే శక్తి మాత్రమే. దానికి ఎడతెగకుండా 10 నుంచి 12 అశ్వశక్తులు ఇవ్వగల డీజిల్ ఇంజను తీసుకుని, రోజూ దాని శక్తిలో సగం, మూడింట రెండు వంతుల దగ్గర నడపండి. 'ఎడతెగకుండా' అన్న మాటను ఇంజను పలకమీద తప్పక చూడండి, ఎందుకంటే కాసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తిని పెద్ద అంకెల్లో చూపించి అమ్మడం కద్దు.

పాత కారు ఇంజను వద్దనడానికి కారణం ఇదే. కారుకు దారిలో ఎక్కుడు ఉంటుంది, దిగుడు ఉంటుంది, చదును ఉంటుంది. ఇంజను పూర్తి భారం మోసేది కొద్ది నిమిషాలు. పడవకు దారంతా ఎక్కుడే. పైగా కారు ఇంజను నిమిషానికి బాగా ఎక్కువ చుట్లు తిరిగినప్పుడే తన శక్తిని ఇస్తుంది. ఆ చుట్లను ప్రొపెల్లరుకు తగ్గించే గేరు, చల్లబరిచే ఏర్పాటు, బిగించే కాళ్లు అన్నీ విడిగా చేయించుకుంటూ పోతే చవక అన్న మాట ఎక్కడా మిగలదు. పెట్రోలు ఇంజను మాట ఎవరైనా ఎత్తితే అసలే వినకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున చేరి నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక అసలు సంగతి ప్రొపెల్లరు, రేవుల్లో మనం ఫ్యాను అని పిలిచేది. బరువైన పడవను పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి తోస్తే పని జరుగుతుంది. చిన్న ఫ్యాను వేగంగా తిరిగితే నీరు చిలకడమే మిగులుతుంది. 10 అశ్వశక్తులను నిమిషానికి 1500 చుట్ల షాఫ్టు మీద వాడుకోవాలంటే పన్నెండు, పదమూడు అంగుళాల ఫ్యాను పడుతుంది; అదే శక్తిని 1000 చుట్ల మీద వాడితే పదహారు అంగుళాలు, 750 మీద అయితే దాదాపు పంతొమ్మిది. మూడింటిలో పంతొమ్మిదే అన్నివిధాలా మేలు, కానీ మీ పడవ కింద అంత చోటు ఉందా? ఫ్యాను కొసకూ, పైనున్న చెక్కకూ మధ్య ఫ్యాను వ్యాసంలో దాదాపు ఆరో వంతు ఖాళీ వదలాలి, లేకపోతే ప్రతి రెక్కా దాటినప్పుడల్లా చెక్కను గుద్దినట్టు అదురుతుంది. పడవ వెనుక, అడుగు దూలం మట్టం నుంచి పై చెక్క వరకు ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పండి.

మీ పాకలోని 5 అశ్వశక్తుల ఇంజను గురించి ఒక్క మాట. అటువంటి ఒకే సిలిండరు ఇంజన్లు మన పొలాల్లో దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తున్నవే, విడిభాగాలు ప్రతి పట్టణంలోనూ దొరికేవే. కానీ 1500 చుట్ల దగ్గర నేరుగా షాఫ్టుకు కలిపితే పదకొండు అంగుళాల ఫ్యాను మించి తిప్పలేదు, వెనక్కి నడిపే గేరు ఉండదు, పడవ నిండుగా ఉండి నీరు ఎదురైన రోజున చాలదు. దానిని పొలానికే ఉంచండి.

జవాబు: పాత సరంగు, నరసాపురం

ఇంజనీరు గారి లెక్కకు నేను అడ్డు చెప్పను. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీదా, తరువాత లాంచీల మీదా కలిపి ఇరవై ఎనిమిదేళ్లు సరంగుగా పనిచేశాను కాబట్టి ఇంజనును చల్లబరిచే విషయం నేను చెబుతాను. మన నీటిలో ఇంజన్లను చంపేది అదే.

నదిలో నీటిని నేరుగా లోపలికి పీల్చి, సిలిండరు చుట్టూ తిప్పి, బయటికి వదిలే పద్ధతి అన్నింటికంటే చవక. అది మన గోదావరికి పనికిరాదు. ఎర్రనీరు వచ్చిన నెలలో ఒక సీసాలో నది నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచి చూడండి, తెల్లవారేసరికి అడుగున ఒండ్రు పొర కట్టి కనిపిస్తుంది. ఆ ఒండ్రే పంపు లోపలి రబ్బరు రెక్కలను అరగదీస్తుంది, ఇంజను గోడల్లోని సన్నని దారుల్లో పేరుకుంటుంది. వేసవిలో ఇంకొక కష్టం. పైనుంచి నీరు తగ్గి, పోటుతో సముద్రపు నీరు సఖినేటిపల్లి దాటి పైకి ఎగదన్నుతుంది. ఉప్పు నీటిని ఇంజనులో 60 డిగ్రీలు దాటనిస్తే తెల్లని పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన చోట వేడి బయటికి పోదు.

గుర్రపుడెక్క సంగతి నా కళ్లతో చూసింది. ఒక కార్తీక మాసంలో మా లాంచీ నీరు పీల్చే రంధ్రానికి డెక్క వేరు చుట్టలాగా అడ్డుపడింది. ఇంజను శబ్దం కొంచెం గట్టిపడినట్టు అనిపించింది, అంతే. పక్కకు వంగి చూస్తే పొగగొట్టంతో పాటు పడవలసిన నీటి ధార పడటం లేదు. ఇంజను ఆపేసరికే ఆలస్యమైపోయింది. సిలిండరు హెడ్డు పగిలింది. అందరినీ వేరే పడవలోకి ఎక్కించి, మా లాంచీని తాడు కట్టి లాక్కొచ్చాము. అప్పటి నుంచి ఏ ఇంజను నడిపినా ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి ఆ ధార వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

కాబట్టి మీరు ఇంజను లోపల మంచినీరే, తుప్పు పట్టనివ్వని మందు కలిపి, మూసిన దారిలో తిరిగేలా చేయించుకోండి. ఆ నీటిని చల్లబరచడానికి పడవ అడుగున, బయటివైపు, అడుగు దూలానికి ఇరుపక్కలా గొట్టాలు పరిపించండి. వేడి నీరు ఆ గొట్టాలలో తిరుగుతూ నదికి వేడి ఇచ్చి చల్లబడి లోపలికి వస్తుంది. ఒండ్రు, ఉప్పు, డెక్క, ఏదీ ఇంజనులోకి వెళ్లే దారి ఉండదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. పడవ ఇసుక మేట మీద ఆగినప్పుడు గొట్టాలు ఇసుకలో కూరుకుపోతాయి, అప్పుడు ఇంజను తిప్పుతూ కూర్చోకూడదు. ఏడాదికి రెండుసార్లు పడవను ఒడ్డుకు లాగి గొట్టాలకు పట్టిన నాచు, గుల్లలు గీకించాలి.

గాలితో చల్లబడే ఇంజను తేలిక, చవక, గొట్టాల గొడవ ఉండదు. దానిని సముద్రంలో వేటకు వెళ్లే చిన్న పడవల మీద చాలామంది వాడుతున్నారు. కానీ వాళ్ల ఇంజను ఆరుబయట ఉంటుంది. మీది పెట్టెలో మూసి పెట్టాలి, దాని పక్కనే కొబ్బరి కాయలు. మీ కాయల పీచు, పొట్టు ఆ ఇంజను రెక్కల సందుల్లో దూది కూరినట్టు పట్టేస్తాయి. వైశాఖ మాసపు ఎండలో అదెంత వేడెక్కుతుందో మీరే ఊహించండి.

ఇంకొక మాట. బ్యాటరీ మీటతో పాటు చేతి హ్యాండిలుతో కూడా స్టార్టయ్యే ఇంజనునే తీసుకోండి. నది మధ్యలో బ్యాటరీ చచ్చినా చెయ్యి చావదు. వెనక్కి నడిచే గేరు లేకుండా మాత్రం బిగించవద్దు. రేవులో పడవ ఆపడానికే కాదు, ఫ్యానుకు డెక్క చుట్టుకున్నప్పుడు నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే సగం దానంతట అదే విడిపోతుంది.

జవాబు: లంక కొబ్బరి రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఆటు సమయంలో పడవను ఒడ్డుకు లాగి కొలిచాను. అడుగు దూలం మట్టం నుంచి పై చెక్క వరకు సరిగ్గా 21 అంగుళాలు ఉంది. ఇంకొక సందేహం: గొట్టాలు రాగివి వేయించమని మా ఊరి మెకానిక్ అంటున్నారు, రాగి వేడిని బాగా లాగుతుందట. వేయించవచ్చునా?

జవాబు: పడవలు కట్టే మేస్త్రి, తాళ్ళరేవు

రైతు గారూ, రాగి వద్దండి. మా వైపు కట్టిన మీ నాన్నగారి నాటి పడవ అంటున్నారు కాబట్టి పలకలను పక్కటెముకలకు బిగించినవి ఇనుప మేకులే అయ్యుంటాయి. ఉప్పు నీటిలో ఇనుము పక్కన రాగి ఉంటే ఇనుము తినేయబడుతుంది. రాగి గొట్టం కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, దాని పక్కన చెక్కలో మేకు తుప్పై, రెండు మూడేళ్లలో పలక వదులవుతుంది. గాల్వనైజ్ చేసిన ఇనుప గొట్టమే వేయించండి. అది రాగి అంత బాగా వేడిని లాగదు కాబట్టి కొంచెం పొడవు ఎక్కువ వేయించుకోవాలి, అంతే తేడా. గొట్టాలకు రెండువైపులా వాటికంటే ఒక అంగుళం కిందికి దిగేలా చెక్క బద్దీలు కొట్టిస్తే, పడవను ఇసుక మీదికి లాగినప్పుడు దెబ్బ గొట్టానికి కాక బద్దీకి తగులుతుంది.

ఫ్యాను ఎలాగూ కంచుదే వస్తుంది కాబట్టి ఇనుముకు బదులు తానే అరిగిపోయే చిన్న జింకు దిమ్మ ఒకటి షాఫ్టుకు పెట్టించాలి. ఒక్కటి చాలు. మంచిదే కదా అని నాలుగైదు దిమ్మలు బిగించిన పడవలను నేను చూశాను. జింకు అవసరానికి మించితే దాని చుట్టుపక్కల చెక్క మెత్తబడి, గోటితో గీరితే నారగా లేచి వస్తుంది.

ఇప్పుడు ఇంజను కూర్చునే దూలాల సంగతి. చాలామంది ఇక్కడే పొదుపు చేస్తారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. రెండు పొట్టి చెక్కల మీద ఇంజను బిగిస్తే దాని అదురంతా ఒక్క చోటే పడి, ఆ చోట పలకల సందులు నోరు తెరుస్తాయి, ఎంత నార కొట్టినా కారుతూనే ఉంటుంది. దూలాలు ఇంజను పొడవుకు కనీసం రెండింతలు ఉండాలి. వీలైనన్ని పక్కటెముకల మీదుగా సాగి, ప్రతి దానికీ గంటు కోసి కూర్చోబెట్టి, ఆరపార బోల్టులతో బిగించాలి. మద్ది గానీ, బాగా ఆరిన టేకు గానీ తీసుకోండి. మేకులు కొట్టనివ్వకండి, అదురుకు మేకు నిలవదు. ఇంజను కింద రేకు తట్ట ఒకటి తప్పనిసరి. చుక్క చుక్కగా కారిన డీజిల్ పలకల సందుల్లోకి దిగితే మనం పెట్టిన గుగ్గిలం మెత్తబడి పోతుంది. మీరు నాన్నగారి పడవ పాడవకూడదన్నారు. తట్ట లేకపోతే పాడయ్యేది ముందుగా అక్కడే.

అన్నింటికంటే ముఖ్యమైనది షాఫ్టును సూటిగా కలపడం. ఒడ్డు మీద దిమ్మల మీద ఉన్న పడవ ఆకారం వేరు, నీటిలో ఉన్న పడవ ఆకారం వేరు. చెక్క నీరు తాగి ఉబ్బుతుంది, పడవ వంపు కొద్దిగా మారుతుంది. ఒడ్డున ఎంత ముద్దుగా కలిపినా నీటిలోకి దింపాక అది నిలవదు. అందుకని ఒడ్డున సుమారుగా కలిపి, పడవను నీటిలో రెండు వారాలు ఉంచి, ఆ తరువాత గేరు బాక్సునూ షాఫ్టునూ జతచేసే రెండు చక్రాలు కలిసే చోట బోల్టులు వదులు చేసి, చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకులు) పెట్టి చూడాలి. నాలుగంగుళాల చక్రాలకు పైకీ కిందికీ తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు. దాటితే ఇంజను కాళ్ల కింద రేకులు సర్దాలి. ఈ పని చేయించకుండా నడిపితే గ్లాండు (షాఫ్టు పడవ బయటికి వెళ్లే చోట నీరు రాకుండా తాడు కూరి నట్టుతో బిగించే భాగం) అరుగుతుంది, బేరింగు అరుగుతుంది, చివరికి గేరు బాక్సు కూడా పోతుంది. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే సముద్రాలు దాటే ఓడలు కట్టిన ప్రాంతం మనది. ఆనాటి వారికి ఇంజను లేదు గానీ, నీటిలో దిగాక చెక్క కదులుతుందన్న సంగతి వారికి బాగా తెలుసు.

జవాబు: విశ్రాంత డీజిల్ ఇంజనీరు, కాకినాడ

మేస్త్రి గారు చెప్పిన ఇనుము, రాగి సంగతి అక్షరాలా నిజం. నేను అడగవలసిన ప్రశ్న, అడగలేదు.

21 అంగుళాలలో పైన రెండున్నర, కింద రెండున్నర వదిలితే పదహారు అంగుళాల ఫ్యాను పడుతుంది. అంటే షాఫ్టు నిమిషానికి 1000 చుట్లు తిరగాలి. 2000 చుట్ల దగ్గర 10 నుంచి 12 అశ్వశక్తులు ఇచ్చే, నీటితో చల్లబడే ఇంజనుకు చుట్లను సగానికి తగ్గించే గేరు, లేదా 3000 చుట్ల ఇంజనుకు మూడో వంతుకు తగ్గించే గేరు సరిపోతుంది. మీరు నెమ్మదిగా తిరిగేదానినే ఎంచుకోండి. బరువు కొంత ఎక్కువైనా శబ్దం తక్కువ, అరుగుదల తక్కువ. ఫ్యాను పిచ్, అంటే ఒక్క చుట్టుకు ముందుకు సాగే లెక్క, పదకొండు అంగుళాల దగ్గర మొదలుపెట్టండి. షాఫ్టు 25 మిల్లీమీటర్ల మందం, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. 304 రకం చవకగా ఇస్తామంటారు, కానీ ఉప్పు నీటిలో కదలకుండా నిలిచి ఉంటే దానికి గుంటలు పడతాయి. షాఫ్టు బయటి కొస దగ్గర నీటితోనే తడిసే రబ్బరు బేరింగు వేయించండి. ఒండ్రు దాని గాడుల గుండా కడిగిపోతుంది.

పడవ నిండుగా ఉన్నప్పుడు పూర్తి వేగం ఇచ్చి పరీక్షించండి. ఇంజను తన పలకమీద రాసి ఉన్న చుట్లను అందుకోవాలి. అందుకోలేక నల్లటి పొగ వదులుతుంటే ఫ్యాను దానికి బరువైందని అర్థం, పిచ్ తగ్గించాలి. పొగ లేకుండా సులువుగా ఆ చుట్లను దాటిపోతుంటే ఫ్యాను చాలలేదు.

కాగితాల విషయం కూడా ముందే చూసుకోండి. ఇంజను బిగించిన పడవ యాంత్రిక శక్తితో నడిచే నౌకల లెక్కలోకి వస్తుంది. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను, తనిఖీ ఉంటాయి. ఇంజను బిల్లు, దాని మీది నంబరు, మేస్త్రి గారి చేత రాయించిన కొలతల కాగితం భద్రంగా దాచండి.

జవాబు: యువ మత్స్యకారుడు, యానాం

అన్నగారూ, ఇంత శ్రమ ఎందుకని నా సందేహం. గాలితో చల్లబడే ఇంజనుకు పొడవాటి షాఫ్టు తగిలించి పడవ వెనుక బిగిస్తే, మేట వచ్చినప్పుడు షాఫ్టు పైకెత్తేయవచ్చు, పడవ అడుగున రంధ్రం కూడా వేయనక్కరలేదు కదా. లేకపోతే కేరళలో వైకోం దగ్గర 2017 నుంచి సౌరశక్తితో 'ఆదిత్య' పడవ ప్రయాణికులను దాటిస్తోంది. అటువంటి విద్యుత్ మోటారు మన పడవలకు పనికిరాదా?

జవాబు: పాత సరంగు, నరసాపురం

తమ్ముడూ, నీ మాటలో న్యాయం ఉంది. వలలు వేసుకునేవారికి, ఇసుక మీదికి రోజూ పడవ ఎక్కించేవారికి పొడవు షాఫ్టే సరి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ వారు కూడా మన తీరపు పడవల కోసమే ఇంజనును పెట్టెలో పెట్టి, పెట్టెతో సహా షాఫ్టును పైకి లేపగలిగే ఏర్పాటు ఒకటి తయారుచేశారు. కానీ ఈ రైతు గారి పడవలో వెనుకవైపు కాయలు దించే మనుషులు నీటిలో నిలబడతారు. అక్కడ కాపలా లేని ఫ్యాను బయట తిరుగుతుంటే నాకు భయం. పడవ నిండుగా ఉన్నప్పుడు షాఫ్టు పట్టుకుని చుక్కానిలా తిప్పడం ఒంటి మనిషికి భారం కూడా.

జవాబు: విశ్రాంత డీజిల్ ఇంజనీరు, కాకినాడ

విద్యుత్ మోటారు ఆలోచన తోసిపుచ్చదగినది కాదు. నాలుగు కిలోమీటర్ల దూరానికి 9 కిలోమీటర్ల వేగంలో అరగంట పడుతుంది. ఒక రాకపోకకు నాలుగైదు యూనిట్ల విద్యుత్తు చాలు. రోజుకు రెండు తడవలైతే పది యూనిట్లు పట్టే బ్యాటరీ కావాలి. రేవు దగ్గర నమ్మకమైన కరెంటు, ఉప్పుగాలి తగలని బ్యాటరీ పెట్టె, పెట్టుబడి పెట్టే స్థోమత ఉన్నవారు తప్పక ఆలోచించవచ్చు. ఫ్యాను లెక్క, షాఫ్టు లెక్క, దూలాల లెక్క ఏదైనా ఇదే. కాబట్టి ఇప్పుడు డీజిల్ కోసం పడిన శ్రమ రేపు మోటారుకూ పనికివస్తుంది.

జవాబు: లంక కొబ్బరి రైతు (ఐదు నెలల తరువాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు అందరూ మన్నించాలి. పని పూర్తయింది. 2000 చుట్ల దగ్గర 11 అశ్వశక్తులు ఇచ్చే రెండు సిలిండర్ల ఇంజను, చుట్లను సగానికి తగ్గించే గేరు, పదహారు అంగుళాల మూడు రెక్కల ఫ్యాను పెట్టించాము. అడుగున గాల్వనైజ్ గొట్టాలు, వాటికి మద్ది బద్దీలు. దూలాలు ఎనిమిదడుగుల పొడవు వచ్చాయి.

పిచ్ మొదట పదకొండు అంగుళాలదే తెచ్చాము. కాయలు నింపి పూర్తి వేగం ఇస్తే 1850 దగ్గర ఆగిపోయి నల్లగా పొగ వదిలింది. దానిని పది అంగుళాలకు మార్పించాక 2000 అందుకుంది. నీరు కదలని వేళ లంక నుంచి రేవు వరకు నిండు పడవతో ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. వచ్చే దారిలో పెద్దాయన గెడను పడవలో పక్కన పడుకోబెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. గెడను మాత్రం తీసివేయలేదు, ఇక తీసివేయను కూడా.

మేస్త్రి గారు చెప్పినట్టే పడవను నీటిలో రెండు వారాలు ఉంచి, బోల్టులు వదులు చేసి చూశాము. ఒడ్డున సరిగ్గా కలిపి ఉంచిన చక్రాల మధ్య, కింది భాగంలో మిల్లీమీటరులో నాలుగు వంతుల్లో ఒక వంతు సందు వచ్చింది. ఇంజను కాళ్ల కింద రెండు పలుచని రేకులు సర్దేసరికి అది పోయింది. గ్లాండు దగ్గర ఇప్పుడు ఇంజను నడుస్తున్నప్పుడు నిమిషానికి మూడు నాలుగు చుక్కలు నీరు పడుతోంది, దాని మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. ఆ చుక్కలను కూడా ఆపాలని మా మెకానిక్ నట్టు బిగించబోతుంటే నేనే వద్దని ఆపాను. అలా ఆపడం సరైనదేనా, పెద్దలు చెప్పాలి.

జవాబు: పాత సరంగు, నరసాపురం

సరైనదేనండి. ఆ నాలుగు చుక్కలే లోపలి తాడును తడిపి షాఫ్టును చల్లగా ఉంచుతాయి. పూర్తిగా బిగిస్తే తాడు కాలి, షాఫ్టుకు గాడి పడుతుంది. ఇంజను ఆపాక మాత్రం చుక్క పడకూడదు. పడితే గ్రీజు కప్పును అర చుట్టు తిప్పండి, నట్టు జోలికి పోకండి.